నాన్న మెసేజ్ మొత్తం చదివారు కాబట్టి సరిపోయింది

మా ఆఫీసులో మూడు నెలలకోసారి అందరికీ ఒక దొంగ ఈమెయిల్ వస్తుంది. పంపేది దొంగలు కాదు, మా సెక్యూరిటీ టీమే. ఎవరెవరు లింకు నొక్కుతారో చూడ్డానికి పంపుతారు. నొక్కినవాళ్ళకి ఇరవై నిమిషాల వీడియో శిక్ష. ఇన్నేళ్ళలో ఆ వీడియో చూడాల్సిన అవసరం నాకు ఒక్కసారి కూడా రాలేదు. పైగా నొక్కినవాళ్ళని భోజనాల దగ్గర ఏడిపించేవాణ్ణి. అలాంటి నేను 2025 నవంబర్‌లో ఒక ఆదివారం రాత్రి నా ఎన్‌ఆర్‌ఓ ఖాతా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఆపైన ఒక ఓటీపీ నా చేతులతో నేనే దొంగలకి అందించాను.

ఆ ఖాతాలో అప్పుడు పద్నాలుగు లక్షల చిల్లర ఉంది. తెనాలిలో మా తాతగారి ఇంటి స్థలం అమ్మితే నా వాటాకి వచ్చిన డబ్బు అది. నాన్న మోకాలి ఆపరేషన్‌కి కొంత, చెల్లెలికి ఇవ్వాల్సింది కొంత అని లెక్కలు వేసి పెట్టుకున్నాం.

ఇన్నాళ్ళూ ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు. సిగ్గు. ఈమధ్య ఇక్కడ డాలస్‌లో తెలిసినవాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే, ప్రసాదాల దగ్గర ఒకాయన తనకి ఇండియా బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్ గురించి చెబుతున్నారు. పక్కనున్న ఇద్దరు “మాక్కూడా వచ్చింది” అన్నారు. అందులో ఒకరికి డబ్బు నిజంగానే పోయింది. ఆయనా ఎవరికీ చెప్పలేదట, సిగ్గుతోనే. ఇలా ఎవరికి వారం నోరు మూసుకుని కూర్చుంటే దొంగలకే లాభం అనిపించి ఇది రాస్తున్నాను.

సగం నిజం చెప్పిన మెయిల్

ఆ మెయిల్‌లో అక్షరదోషాలు లేవు. బ్యాంకు లోగో, రంగులు, అడుగున ఉండే చిన్నక్షరాల హెచ్చరికలు అన్నీ ఉన్నాయి. “దొంగ మెయిళ్ళలో ఇంగ్లీషు తప్పులుంటాయి, దాన్ని బట్టి పట్టుకోవచ్చు” అని మనం పదిహేనేళ్ళుగా వింటున్న సలహా ఇక పనికిరాదు. ఇప్పుడు ఏఐ టూల్స్ చేత రాయిస్తే నాకంటే మంచి ఇంగ్లీషు వస్తుంది.

విషయం కూడా నమ్మేలాగే ఉంది. రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల ప్రకారం మా వెబ్‌సైట్ చిరునామా మారింది, ఎన్నారై ఖాతాదారులు కొత్త చిరునామాలో మళ్ళీ నమోదు చేసుకోవాలి, మూడు రోజుల్లో చేసుకోకపోతే ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి విదేశాలకి డబ్బు పంపే సదుపాయం ఆగిపోతుంది అని దాని సారాంశం.

ఇందులో మొదటి ముక్క నిజం. బ్యాంకుల పేరుతో పుట్టుకొచ్చే దొంగ సైట్లని అరికట్టడానికి, దేశంలోని బ్యాంకులన్నీ “బ్యాంక్ డాట్ ఇన్” అనే ప్రత్యేక డొమైన్‌కి మారాలని రిజర్వ్ బ్యాంక్ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. ఆ పేర్లని నమోదు చేసే బాధ్యత హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీది. బ్యాంకు కానివాడికి ఆ పేరు దొరకదు. మంచి ఏర్పాటే. ఈ వార్త నేను పేపర్లో చదివాను కూడా. గడువు దాటిన రెండో వారంలో మెయిల్ రాగానే “ఆఁ, ఇదేదో చదివాను కదా” అనుకున్నాను. దొంగల బారి నుంచి కాపాడ్డానికి తెచ్చిన ఏర్పాటునే దొంగలు ఎరగా వాడుకున్నారు.

రెండో కారణం భయం. ఇండియా ఖాతాల విషయంలో మన ఎన్నారైలకి ఎప్పుడూ ఒక గుబులు ఉంటుంది. 2023లో పాన్‌కి ఆధార్ లింకు చేసే గడువు ముగిశాక చాలామంది ఎన్నారైల పాన్ కార్డులు పనిచేయకుండా పోయాయి. మనకి మినహాయింపు ఉన్నా, విదేశాల్లో ఉంటున్నట్టు ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో నమోదు కానివాళ్ళు ఇరుక్కున్నారు. రీ-కేవైసీ చేయలేదని ఖాతాలు స్తంభించిపోవడం కూడా చూశాం. అలా దెబ్బతిన్నవాడికి “మూడు రోజుల్లో ఆగిపోతుంది” అన్న మాట కనిపిస్తే బుర్ర పనిచేయదు. నాకూ పనిచేయలేదు.

మెయిల్‌లో లింకు నొక్కాను. లాప్‌టాప్‌లో పేజీ తెరుచుకుంది. నేను పాస్‌వర్డ్ మేనేజర్ వాడతాను. బ్యాంకు సైటుకి వెళ్తే అదే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ నింపుతుంది. ఆ రోజు నింపలేదు. ఈ సైటు నాకు తెలియదు అన్నట్టు ఊరుకుంది. నేనేమనుకున్నానో తెలుసా? “సైటు చిరునామా మారింది కదా, అందుకే గుర్తుపట్టలేదు” అనుకున్నాను. నిజం చెప్పిన ఒకే ఒక్క సాక్షిని తెలివితక్కువదని తోసేసి, పాస్‌వర్డ్ కాపీ చేసి నేనే పేస్ట్ చేశాను. ఇంకో సంగతి: మా బ్యాంకు అసలు సైటు పాస్‌వర్డ్ పేస్ట్ చేయనివ్వదు, ఒక్కో అక్షరం కొట్టాల్సిందే. ఇది పేస్ట్ చేయనిచ్చింది. బ్యాంకు సైటు ఇంత సుఖంగా ఉందంటేనే నాకు అనుమానం రావాల్సింది.

పొద్దున తొమ్మిదింటికి తెనాలిలో

చాలామంది ఎన్నారైల ఇళ్ళలో లాగే మా ఇండియా బ్యాంకు ఓటీపీలు నాన్న ఫోన్‌కి వెళ్తాయి. ఖాతా తెరిచినప్పుడు ఆ నంబరు ఇచ్చాం, మార్చలేదు. మాకు ఆదివారం రాత్రి తొమ్మిదిన్నర అంటే అక్కడ సోమవారం పొద్దున తొమ్మిది. ఫోన్ చేశాను.

“నాన్నా, బ్యాంకు నుంచి ఓటీపీ వచ్చుంటుంది, నంబర్ చెప్పండి.”

“ఉండరా, కళ్ళజోడు తెచ్చుకోనీ.”

మొదటిది చెప్పారు. కొట్టాను. పేజీ కాసేపు తిరిగి, “సమయం మించిపోయింది, మరో ఓటీపీ పంపాం” అని వచ్చింది. నిజానికి సమయం మించిపోలేదు. నేను ఇక్కడ కొట్టిన ప్రతి అక్షరాన్ని అవతలివాళ్ళు అదే క్షణంలో అసలు బ్యాంకు సైటులో కొడుతున్నారు. ఆ మొదటి ఓటీపీతో వాళ్ళు నా ఖాతా లోపలికి వెళ్ళిపోయారు. రెండోది వేరే పనికి.

“ఇంకోటి వచ్చిందిరా.”

“చెప్పండి నాన్నా, నంబర్ ఒక్కటి చాలు.”

“చదవనీ. కొత్త బెనిఫిషియరీని చేర్చడానికి ఓటీపీ అనుంది. కింద ఏదో పేరుంది, ఖాతా నంబరు చివరి అంకెలు నాలుగున్నాయి. ఎవరికిరా డబ్బు పంపుతున్నావు?”

“ఎవరికీ లేదు నాన్నా. సైటు అప్‌డేట్ చేసుకోమన్నారు, చేస్తున్నాను. నంబర్ చెప్పండి, టైమైపోతుంది.”

“మరి పేరెందుకు రాశాడు? నువ్వు ఎవరికీ పంపకపోతే పేరెందుకుంటుంది?”

మా నాన్న ముప్పై నాలుగేళ్ళు పోస్టాఫీసులో పనిచేసి సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరయ్యారు. మనియార్డరు ఫారం మీద పేరులో ఒక పొల్లు తేడా ఉన్నా డబ్బు ఇచ్చేవారు కాదని ఊళ్ళో పేరు. చిన్నప్పుడు మాకది చాదస్తంగా ఉండేది. ఆ రోజు కూడా విసుక్కున్నాను. గొంతు పెంచాను కూడా. ఆయన మాత్రం నంబరు చెప్పకుండా మెసేజ్ మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదివారు, ఆ పేరుతో సహా. ఆ పేరు నేనెప్పుడూ విననిది. అప్పుడు తలెత్తి బ్రౌజర్‌లో చిరునామా వైపు చూశాను.

బ్యాంకు పేరుంది. దాని తర్వాత డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనీ ఉంది. నేను అక్కడితో చదవడం ఆపేశాను ఇందాక. కానీ చిరునామా అక్కడితో ఆగలేదు. “ఇన్” తర్వాత ఒక చిన్న అడ్డగీత, దాని వెనక ఇంకో మాట, ఆఖర్న డాట్ కామ్.

చిరునామా కింది నుంచి చదవాలి

కంప్యూటర్లతో బతికేవాణ్ణి కాబట్టి ఇది నాకు తెలిసి ఉండాల్సిన పాఠం. వెబ్ చిరునామాకి అసలు యజమాని ఎవరో ఎడమవైపు కాదు, కుడివైపు చివర తెలుస్తుంది. మొదట్లో వచ్చే హెచ్‌టీటీపీఎస్, రెండు ఏటవాలు గీతలు వదిలేయండి. ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. అక్కడి నుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకి చదవండి. ఆ చివరి రెండు మూడు ముక్కలే ఇంటి యజమాని పేరు. వాటికి ఎడమన ఉన్నవన్నీ ఆ యజమాని తన ఇష్టం వచ్చినట్టు రాసుకునే గది పేర్లు. డాట్ కామ్ పేరొకటి కొనుక్కున్నవాడు దాని ముందు ఏ బ్యాంకు పేరైనా, “బ్యాంక్ డాట్ ఇన్” అన్న మాటనైనా తగిలించుకోవచ్చు, అడిగేవాడుండడు.

ఇది నాన్నకి వివరిస్తే నవ్వారు. “ఉత్తరాలు సార్టింగ్ చేసేటప్పుడు మేం చేసేది అదేరా. పేరు ఎవడిక్కావాలి, ముందు కింద పిన్‌కోడు చూస్తాం” అన్నారు.

కాబట్టి ఇండియా బ్యాంకు అయితే రెండు చోట్ల చూడండి. “బ్యాంక్ డాట్ ఇన్” అయిపోయిన వెంటనే ఏటవాలు గీత ఉండాలి, లేదా ఏమీ ఉండకూడదు. అక్కడ ఇంకో చుక్క గానీ అడ్డగీత గానీ ఉంటే అది దొంగ ఇల్లు. అలాగే “బ్యాంక్” అన్న మాటకి ముందు చుక్క ఉండాలి. చుక్క లేకుండా ఏదో పేరుకి అతికించి “ఫలానాబ్యాంక్ డాట్ ఇన్” అని ఉంటే అది ఎవరైనా కొనుక్కోగల మామూలు పేరే. అమెరికా బ్యాంకులకి ఇలాంటి కట్టుబాటు లేదు, ఎక్కువ భాగం డాట్ కామ్‌లే. అక్కడ అక్షరాల మాయ ఎక్కువ. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనిపిస్తుంది. రష్యన్ లిపిలో “ఏ” అక్షరం ఇంగ్లీషు “ఏ”కి కవల. నలభై దాటిన కళ్ళకి ఇవి పట్టుకోవడం కష్టం. నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు.

అందుకే పాస్‌వర్డ్ మేనేజర్ మాట వినమంటాను. అది లోగో చూడదు, రంగులు చూడదు, భయపడదు. అక్షరం అక్షరం సరిపోతేనే నింపుతుంది. అది నింపకపోతే మీరు నింపకండి, పేజీ మూసేయండి. నేను దాటిన గీత అదే.

తాళం బొమ్మ గురించి కూడా ఒక మాట. “చిరునామా పక్కన తాళం ఉంటే సురక్షితం” అని మనవాళ్ళు ఇప్పటికీ వాట్సాప్‌లో పంపుతుంటారు. తాళం అంటే మీకూ ఆ సైటుకీ మధ్య మాటలు మూడోవాడు వినడు అని మాత్రమే. అవతల ఉన్నవాడు దొంగో దొరో అది చెప్పదు. ఆ సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లో 2023లో ఆ తాళం బొమ్మే తీసేసింది.

వీటన్నిటికంటే తేలికైన పద్ధతి ఒకటుంది, మా ఆవిడ మొదటి నుంచీ పాటిస్తోంది: బ్యాంకు మెయిల్‌లో లింకు ఎప్పుడూ నొక్కదు. నిజమైనదైనా సరే. ఏదైనా ఉంటే ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి చూస్తుంది. నిజంగా పనుంటే అక్కడా కనిపిస్తుంది కదా అంటుంది. ఇన్నాళ్ళూ నేను ఆమెకి కంప్యూటర్ జ్ఞానం బోధించాను.

ఇందులో బ్యాంకుల తప్పు లేకపోలేదు. “లింకులు నొక్కకండి” అని ఒక మెయిల్, “కేవైసీ కోసం ఇక్కడ నొక్కండి” అని మర్నాడు ఇంకో మెయిల్. అదీ వాళ్ళ సొంత చిరునామా నుంచి కాదు, మెయిళ్ళు పంపే కాంట్రాక్టు కంపెనీ చిరునామా నుంచి. దొంగ మెయిల్‌ని పోలిన అసలు మెయిళ్ళు పంపితే ఖాతాదారు ఏం నేర్చుకుంటాడు?

ఆ తర్వాతి నలభై నిమిషాలు

దొంగ పేజీ మూసేస్తే సరిపోదు, వాళ్ళు అప్పటికే లోపలున్నారు. ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరిచి పాస్‌వర్డ్ మార్చాను. డెబిట్ కార్డు వెనక విదేశాల నుంచి చేయడానికి ఇచ్చిన నంబరు ఉంటుంది, దానికి చేశాను. నంబరు కోసం గూగుల్‌లో వెతకకండి. దొంగ కస్టమర్ కేర్ నంబర్లు అక్కడ కాచుకుని ఉంటాయి. ఒక మోసం నుంచి తప్పించుకోబోయి రెండోదాంట్లో పడతారు. సంగీతం వింటూ పాతిక నిమిషాలు ఆగాక ఒకమ్మాయి పలికింది. నెట్ బ్యాంకింగ్ మొత్తం ఆపించాను. డబ్బు కదల్లేదు. చేర్చబోయిన పేరు ఓటీపీ లేక ఆగిపోయింది. అంతసేపూ నాన్న ఇంకో ఫోన్‌లో లైన్‌లోనే ఉన్నారు, ఏమీ మాట్లాడకుండా.

డబ్బు పోయి ఉంటే? ఇండియాలో 1930 నంబరుకి ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. అది అక్కడి పొట్టి నంబరు కాబట్టి ఇక్కడి నుంచి తంటాలు పడకుండా ఇంటి దగ్గరివాళ్ళ చేత చేయించండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైటులో ఫిర్యాదు కూడా పెట్టొచ్చు. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడదు. కానీ పాస్‌వర్డ్, ఓటీపీ మనమే ఇచ్చేస్తే, బ్యాంకుకి చెప్పే క్షణం దాకా పోయినదంతా మనదే. చెప్పాక పోయేది బ్యాంకుది. అంటే సిగ్గుపడి ఆలోచించే ప్రతి గంటా మన ఖాతాలోనే పడుతుంది.

అమెరికాలో లెక్క వేరు. ఇక్కడ రెగ్యులేషన్ ఈ అనే నిబంధన ఉంది. మన అనుమతి లేకుండా ఖాతాలోంచి డబ్బు పోతే, కార్డు లేదా పాస్‌వర్డ్ లాంటిది దొంగల చేతిలో పడిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే మన నష్టం 50 డాలర్లు దాటదు. ఆ తర్వాత చెబితే 500 దాకా వెళ్తుంది. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల తర్వాత కూడా చెప్పకపోతే ఆపైన పోయేదానికి హద్దు లేదు. మెలిక ఎక్కడుందంటే “మన అనుమతి లేకుండా” అన్న మాట దగ్గర. దొంగ మన పాస్‌వర్డ్ కాజేసి తాను పంపుకోవడం వేరు, దొంగ మాట నమ్మి మన వేలితో మనమే జెల్ నొక్కి పంపడం వేరు. రెండోదానికి బ్యాంకులు తరచూ చేతులెత్తేస్తాయి.

ఇక్కడి దొంగలకి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఇక్కడ మోసం మెయిల్‌తో ఆగదు. ముందు బ్యాంకు పేరుతో ఒక మెసేజ్: ఫలానా కొనుగోలు మీరే చేశారా, అవునో కాదో చెప్పండి అని. కాదు అనగానే ఫోన్. స్క్రీన్ మీద బ్యాంకు నంబరే కనిపిస్తుంది, ఆ నంబరు కనిపించేలా చేయడం కష్టమేం కాదు. ఫ్రాడ్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు కాపాడ్డానికి మీకు మీరే జెల్ చేసుకోండి అంటారు. నిరుడు ఎమ్మెస్‌కి వచ్చిన మా బంధువుల అబ్బాయికి ఈ కాల్ వచ్చింది. ఇక్కడి బ్యాంకులో ఖాతా తెరిచి నెల కాలేదు, బ్యాంకు ఎలా మాట్లాడుతుందో వాడికేం తెలుసు? ఫోన్ పెట్టేసి కార్డు వెనక నంబరుకి చేయమని వాళ్ళ రూమ్మేట్ అరిచాడు కాబట్టి సరిపోయింది. మీ ఇంటికి కొత్తగా వచ్చిన స్టూడెంట్స్ ఉంటే పెరుగన్నం పెట్టేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి. అలాంటి మెసేజ్‌లని 7726కి ఫార్వర్డ్ చేయొచ్చు. ఫిర్యాదుకి ఎఫ్‌టీసీ సైటు, ఎఫ్‌బీఐ వారి ఐసీ3 ఉన్నాయి.

ఎఫ్‌డీఐసీ బీమా ఉంది కదా అని ఒకాయన వాదించారు నాతో. అది బ్యాంకు మూతపడితే 2,50,000 డాలర్ల దాకా ఇచ్చే బీమా. మనం మోసపోతే ఇచ్చేది కాదు.

ఇంట్లో మారినవి

ఓటీపీ నంబరు నాదే పెట్టించుకున్నాను. మా బ్యాంకు విదేశీ నంబరు ఒప్పుకుంటుంది, ఫారం నింపి పాస్‌పోర్టు కాపీ పంపితే రెండు వారాల్లో అయింది. ఇన్నేళ్ళు ఎందుకు చేయలేదంటే బద్ధకం, అంతే.

ఆ నంబరు మార్చాలని నిజంగా అనిపించింది వేరే కారణానికి. “ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు” అని నాన్నకి వందసార్లు చెప్పాను. ఆయన ఎవరికీ చెప్పరు, నాకు తప్ప. నేను ఫోన్ చేసి “నంబర్ చెప్పండి నాన్నా” అంటే చెప్పేయడం ఆయనకి ఏళ్ళ తరబడి నేనే అలవాటు చేశాను. ఈ రోజుల్లో కొన్ని క్షణాల రికార్డింగ్ ఉంటే గొంతుని అచ్చంగా దించే టూల్స్ ఉన్నాయి. నా గొంతుతో ఇంకెవడో ఫోన్ చేస్తే? అందుకని ఇంట్లో ఒక మాట పెట్టుకున్నాం. డబ్బు సంగతి ఎత్తితే ముందు ఆ మాట చెప్పాలి. మా చిన్నప్పటి దొడ్లో ఒక దానికి సంబంధించింది, మా నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మ ఒకసారి నన్ను పరీక్షించింది కూడా, పండక్కి చీర కొనుక్కోమని డబ్బు పంపుతున్నానంటే.

నంబరు మారిన నెలకి నాన్న అడిగారు, “ఈమధ్య ఓటీపీలు రావడం లేదేంట్రా?” అని. మార్చిన సంగతి గుర్తుచేశాను. “ఓహో” అని ఊరుకున్నారు. వారానికోసారైనా ఆ నంబర్ల కోసం ఫోన్ చేసేవాణ్ణి, అది ఆయనకి లోటుగా ఉందని తర్వాత అమ్మ చెప్పింది.

ఇప్పుడు ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి నేనే చేస్తున్నాను. ఆ వారం తన ఫోన్‌కి వచ్చిన అనుమానపు మెసేజ్‌లన్నీ ఆయన దాచి ఉంచుతారు. కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి కనెక్షన్ తీసేస్తాం అని ఒకటి. పార్శిల్ ఆగిపోయింది, చిరునామా సరిచేయండి అని ఇంకోటి. కళ్ళజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి వినిపిస్తారు. మొన్నటిది చదివి, “పిన్‌కోడులో ఏడంకెలు రాశాడు వెధవ” అన్నారు.